అరుదైన ప్లాంట్‌హాపర్‌ని గుర్తించడానికి ఐనాచురలిస్ట్ ఎంతవరకు పనికొస్తుంది? వాడి చూశాక నా రివ్యూ

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ప్లాంట్‌హాపర్లు, అంటే మొక్కల రసం పీల్చి బతికే చిన్న పురుగులు, వాటి పేర్లు తెలుసుకోవాలని ఉన్నవాళ్లకి, ఫొటో పెడితే ప్రాణుల పేర్లు తేల్చే ఐనాచురలిస్ట్ యాప్‌ని మించిన ఉచిత సేవ నాకు ఇంతవరకు దొరకలేదు. అందులో కూడా, ఫొటో చూడగానే పేరు చెప్పే కంప్యూటర్ కంటే, పురుగుని ఏ మొక్క మీద, ఎలాంటి చోట చూశామో రాయడానికి ఇచ్చిన ఆ చిన్న ఖాళీ, దాన్ని చదివి ఓపిగ్గా జవాబిచ్చే మనుషులు నాకు ఎక్కువ పనికొచ్చారు. మామూలు జాతి అయితే ఈ తేడా పెద్దగా తెలియదు. ఎవరూ ఎక్కువగా ఫొటో తీయని జాతి చేతికి చిక్కినప్పుడే తెలుస్తుంది.

ప్లాంట్‌హాపర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వరిని పీల్చేసే సుడిదోమ. అది డెల్ఫాసిడే అనే ఒక్క కుటుంబంలో ఒక్క జాతి మాత్రమే. ప్రపంచం మొత్తం మీద ప్లాంట్‌హాపర్లు పదమూడు వేల జాతులకు పైనే ఉన్నాయి, కుటుంబాలు ఇరవై దాకా. వీటిలో ఫల్గోరిడే కుటుంబం వాళ్లు పెద్దగా, రంగురంగులుగా, కొన్ని అయితే తల ముందు పొడవాటి కొమ్ముతో ఉంటారు కాబట్టి వాటితో ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక ఫొటో పెడితే పేరు వచ్చేస్తుంది. అసలు కష్టమంతా మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండి, గోధుమ రంగులో, గడ్డి మొదట్లో దాక్కుని, వేలు దగ్గరికి తెస్తే టక్కున ఎగిరిపోయే వాటితోనే. ఈ రివ్యూ అలాంటి వాటి కోసం వెతికేవాళ్లకి.

సేవ గురించి క్లుప్తంగా. 2008లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, 2014లో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ కిందకి వెళ్లింది, 2017లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ కూడా తోడైంది, 2023 నుంచి సొంత కాళ్ల మీద నిలబడ్డ లాభాపేక్ష లేని సంస్థ. మనం ఫొటో, తేదీ, చోటు పెడతాం. కంప్యూటర్ కొన్ని పేర్లు సూచిస్తుంది. తర్వాత ఇతర సభ్యులు చూసి తమకు తెలిసిన పేరు పెడతారు. పేరు పెట్టినవాళ్లలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒకే జాతి దగ్గర కలిస్తే, మిగతా షరతులు కూడా సరిపోతే, ఆ నమోదుకి రీసెర్చ్ గ్రేడ్ వస్తుంది. మనం ఇచ్చిన లైసెన్స్ అనుమతిస్తే అక్కడి నుంచి జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య డేటా నిధికి వెళ్తుంది, పరిశోధకులు దాన్ని వాడుకుంటారు. యాప్‌లో పది నిమిషాలు తిరిగితే ఇదంతా అర్థమైపోతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. అది నేర్చుకునేది సభ్యులు పెట్టిన ఫొటోల నుంచే. ఒక జాతికి సుమారు వంద ఫొటోలైనా లేకపోతే ఆ జాతి దాని శిక్షణలోకే రాదు. అంటే అరుదైన ప్లాంట్‌హాపర్ పేరు ఆ సూచనల జాబితాలో ఉండే అవకాశమే లేదు, మీ ఫొటో ఎంత బాగున్నా సరే. జాబితాలో లేని జాతిని చూపిస్తే దానికి మిగిలిన దారులు రెండే: పోలికలున్న మామూలు జాతి పేరు చూపించడం, లేదా ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) దగ్గరో కుటుంబం దగ్గరో ఆగిపోయి 'ఇంతవరకు చెప్పగలను' అనడం. ఐనాచురలిస్ట్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఈ రెండోదే. సూచనల పైన 'ఈ ప్రజాతి అని గట్టిగా అనుకుంటున్నాం' అనో, 'ఈ కుటుంబం' అనో విడిగా ఒక వరస చూపిస్తుంది. చాలామంది దాన్ని దాటేసి కింద మొదట కనిపించిన జాతి పేరు నొక్కేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్లాంట్‌హాపర్ల విషయంలో ఆ పై వరసే నమ్మదగ్గది.

వేరే ఫోన్ యాప్ ఒకటి కూడా కొన్నాళ్లు వాడాను, పేరు చెప్పను. ఏ ఫొటో ఇచ్చినా జాతి దాకా పేరు చెప్పేసి పక్కన ఒక శాతం కూడా వేస్తుంది. పిల్ల పురుగుని ఇచ్చినా, మసక ఫొటో ఇచ్చినా తడబడదు. తెలియదని ఎప్పుడూ అనని సాధనాన్ని పురుగుల విషయంలో నమ్మలేను, అందుకే తీసేశాను.

తుంగ దుబ్బుల్లో నాకు దొరికిన ఒక డెల్ఫాసిడ్ దగ్గర ఈ సేవ విలువ పూర్తిగా అర్థమైంది. ఏడాది పొడవునా నేల చెమ్మగా ఉండే చోటు, పక్కనే మామూలు గడ్డి, మధ్యలో గుబురుగా తుంగ. లేత గడ్డి రంగు పురుగు, వీపు మీద నిలువునా తెల్లటి చార, నాలుగు మిల్లీమీటర్ల లోపే. పై నుంచి తీసిన ఫొటో పెడితే కంప్యూటర్ డెల్ఫాసిడే అని కుటుంబం దగ్గర ఆగింది. తర్వాత ఈ గుంపు మీద పట్టున్న ఒక సభ్యుడు వచ్చి పేరేమీ పెట్టకుండా మూడు ప్రశ్నలు అడిగారు: అది గడ్డి మీద ఉందా, తుంగ మీద ఉందా? అక్కడే పిల్ల పురుగులు కనిపించాయా? వెనక కాలి చివరన ఉన్న కదిలే ముల్లు కనిపించేలా పక్క నుంచి ఫొటో ఉందా? ఈ మూడు ప్రశ్నలే నాకు ఒక పాఠ్యపుస్తకం అంత నేర్పాయి. వాటికి జవాబులు వెతుక్కుంటూ వెళ్లాకే ప్లాంట్‌హాపర్‌ని చూడటం అంటే ఏమిటో తెలిసింది, కాబట్టి కాసేపు దాని గురించే రాస్తాను, ఎందుకంటే ఫొటోలో ఇవి లేకపోతే ఏ సేవ అయినా మీకు పెద్దగా చేయగలిగింది ఉండదు.

మొదట అది ప్లాంట్‌హాపరే అని తేల్చుకోవాలి. దీనికి మీసాలు చూడాలి. ప్లాంట్‌హాపర్‌కి మీసాలు కంటికి కింద, తల పక్క భాగం నుంచి వస్తాయి, రెండో కణుపు ఉబ్బి గుండ్రంగా ఉంటుంది, దాని చివర నుంచి సన్నటి వెంట్రుక లాంటిది బయటకి వస్తుంది. పచ్చదోమల లాంటి లీఫ్‌హాపర్లకి మీసాలు రెండు కళ్ల మధ్యలో, ముందు వైపు ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, ఉబ్బు ఉండదు. కాళ్లలో కూడా తేడా ఉంది: లీఫ్‌హాపర్ వెనక కాలి పొడవునా ముళ్లు వరసలుగా ఉంటాయి, ప్లాంట్‌హాపర్‌కి మధ్యలో ఒకటో రెండో నాలుగో పెద్ద ముళ్లు, చివర్లో ఒక గుత్తి. ముందు రెక్కలో లోపలి అంచు దగ్గర, రెండు నరాలు కలిసి ఒకటై వై ఆకారం కడతాయి, అది కూడా ప్లాంట్‌హాపర్ల గుర్తే, అయితే ఫొటోలో వెలుతురు సరిగ్గా పడితేనే కనిపిస్తుంది. పై నుంచి తీసిన ఫొటోలో మీసాలు కళ్ల చాటున దాగిపోతాయి. అందుకే పక్క ఫొటో తప్పనిసరి.

తర్వాత కుటుంబం. వెనక కాలి దిగువ భాగం చివరన పెద్ద కదిలే ముల్లు ఉంటే అది డెల్ఫాసిడే, ఇందులో సందేహం అక్కర్లేదు. ఆ ముల్లు కొన్నిటిలో ఆకులా పల్చగా, అంచున చిన్న చిన్న పళ్లతో ఉంటుంది, కొన్నిటిలో లావుగా మొనదేలి ఉంటుంది, లోపల ప్రజాతుల వైపు వెళ్లడానికి ఈ తేడా సాయం చేస్తుంది. రెక్కలు పారదర్శకంగా ఉండి నరాల మీద చుక్కలుంటే సిక్సిడే అయ్యే అవకాశం ఎక్కువ. రెక్కలు వెడల్పుగా, ఇంటి కప్పులా రెండు వైపులా వాలి, ముందు అంచున అడ్డ నరాలు దగ్గర దగ్గరగా ఉంటే ఫ్లాటిడే వైపు చూడాలి. ఒంటికి మించిన పొడవాటి సన్న రెక్కలతో ఆకు అడుగున అంటుకుని కూర్చునేవి చాలావరకు డెర్బిడే. ఇవన్నీ దగ్గరి దారులే, పూర్తి కీ (ఒక్కో గుర్తు చూసుకుంటూ పేరు దాకా తీసుకెళ్లే పట్టిక) కాదు, కానీ ఫొటో పెట్టే ముందు ఇంతవరకు మనమే వెళ్తే అవతల చూసేవాళ్ల పని సగం తగ్గుతుంది.

ముఖం ఫొటో గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు ఎవరూ తీయరు. ప్లాంట్‌హాపర్ ముఖం మీద నిలువుగా గట్లు ఉంటాయి. మధ్యలో ఒకటే ఉందా, పైకి వెళ్లి రెండుగా చీలిందా, ముఖం ఎక్కడ వెడల్పుగా ఉంది, గట్ల మధ్య రంగు ఏమిటి, ఇవన్నీ ప్రజాతిని తేల్చే గుర్తులు. పురుగుని చిన్న గాజు గొట్టంలోకి తీసుకుని ముందు నుంచి తీస్తే చాలు, తర్వాత దొరికిన మొక్క మీదే వదిలేయొచ్చు. పది రెట్లు పెద్దగా చూపించే మంచి భూతద్దం ఉంటే అక్కడికక్కడే చూడొచ్చు. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్‌తో కూడా కాలి ముల్లు, మీసం కణుపు స్పష్టంగా వస్తాయి, చెయ్యి వణకకుండా మోచేతిని నేలకి ఆనిస్తే.

ఇంకో చిక్కు రెక్కలది. డెల్ఫాసిడ్లలో ఒకే జాతిలో పొడవు రెక్కల పెద్దవీ, పొట్టి రెక్కల పెద్దవీ రెండూ ఉంటాయి. మొక్క మీద గుంపు ఎక్కువై, ఆహారం నాణ్యత తగ్గినప్పుడు పొడవు రెక్కలవి ఎక్కువగా పుట్టి ఎగిరిపోతాయి. సుడిదోమలో దీన్ని బాగా అధ్యయనం చేశారు. పొట్టి రెక్కల పెద్ద పురుగుని చూసి చాలామంది పిల్ల పురుగు అని రాస్తారు. పొట్టిదైనా పెద్ద పురుగు రెక్క విడిగా కదులుతుంది, నరాలు కనిపిస్తాయి. పిల్ల పురుగుకి ఉండేవి ఒంటికి అతుక్కున్న రెక్క మొగ్గలు మాత్రమే. ఐనాచురలిస్ట్‌లో జీవన దశ అని ఒక గడి ఉంటుంది, అందులో పిల్ల దశా, పెద్దదా అని తప్పకుండా నింపండి. నింపితే తర్వాత వెతికేవాళ్లకి పిల్ల పురుగుల ఫొటోలు విడిగా దొరుకుతాయి. ఈ గుంపులో అవే అన్నిటికంటే తక్కువ.

పిల్ల పురుగుల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఐరోపాలో మామూలుగా దొరికే ఇస్సస్ కోలియోప్ట్రేటస్ అనే ప్లాంట్‌హాపర్ పిల్లలకి రెండు వెనక కాళ్ల మొదట్లో నిజమైన పళ్ల చక్రాలు ఉన్నాయని 2013లో కేంబ్రిడ్జ్‌లో మాల్కం బరోస్, గ్రెగరీ సటన్ చూపించారు. ఒక్కో వైపు పది పన్నెండు పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడి, రెండు కాళ్లూ సెకనులో పది లక్షల వంతుల్లో ముప్పై వంతుల తేడా లోపే కలిసి కదిలేలా చేస్తాయి. చివరి కుబుసం విడిచి పెద్దదయ్యాక ఆ పళ్లు ఉండవు. ఇది గుర్తింపుకి నేరుగా అక్కర్లేదు, కానీ ఇంత చిన్న ప్రాణిలో ఇంత ఉందని తెలిశాక భూతద్దం కింద పెట్టడం ఆపలేం.

ఇక అసలు విషయం, ఆవాసం. ప్లాంట్‌హాపర్లలో చాలా జాతులు మొక్క విషయంలో చాలా పట్టుదల గలవి. డెల్ఫాసిడ్లలో ఎక్కువ భాగం గడ్డి, తుంగ, రెల్లు లాంటి ఏకదళబీజ మొక్కల మీదే బతుకుతాయి. వాటిలో కూడా ఒక్కో ప్రజాతికి ఒక్కో ఇష్టం. క్లోరియోనా ప్రజాతి జాతులు ఫ్రాగ్మిటిస్ అనే నీటి రెల్లు మీద ఉంటాయి. కెలీసియా ప్రజాతి కారెక్స్ తుంగల మీద ఉంటుంది, అందులో జాతులు చూడటానికి ఒకేలా ఉండి విసిగిస్తాయి, కానీ కెలీసియా శాబులికోలా అనేది సముద్ర తీరపు ఇసుక దిబ్బల మీద పెరిగే కారెక్స్ ఆరెనేరియా దగ్గర దొరుకుతుంది. అంటే మొక్క పేరు, నేల రకం రెండూ సరిగ్గా రాస్తే చూసేవాళ్లు వెంటనే రెండు మూడు పేర్లకి దిగిపోతారు. రాయకపోతే ఆ ఫొటో 'డెల్ఫాసిడే' దగ్గర ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఈ పట్టుదల ఎంత గట్టిదంటే దాని మీద నమ్మకంతోనే కలుపు నివారణ కూడా చేస్తున్నారు. గుర్రపుడెక్క మీద బతికే దక్షిణ అమెరికా జాతి మెగామెలస్ స్కుటెల్లారిస్‌ని, అది వేరే పంటల జోలికి పోదని పరీక్షించి తేల్చుకున్నాకే, 2010లో ఫ్లోరిడాలో వదిలారు. మరో చివర హవాయి దీవిలో లావా గుహల్లో ఉండే ఒలియారస్ పాలిఫీమస్ ఉంది. అది కళ్లు పోగొట్టుకున్న సిక్సిడ్, చీకట్లో గుహ పైకప్పు నుంచి వేలాడే ఓహియా చెట్టు వేళ్ల రసం తాగి బతుకుతుంది, ఆ వేళ్ల మీదుగానే ప్రకంపనలు పంపి జత వెతుక్కుంటుంది. దాని చిరునామా ఆ గుహ, ఆ వేరు. ఆ రెండూ లేకుండా దాని ఫొటో ఒక్కటే చూస్తే సగం కథ తెలియనట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. పెద్ద పురుగు ఒక ఆకు మీద కూర్చుంది కాబట్టి అదే దాని మొక్క అనుకోకూడదు. గాలికి వచ్చి వాలుతుంది, దీపానికి వస్తుంది, ఎండకి నీడ చూసుకుని కూర్చుంటుంది. సిక్సిడ్ల పిల్లలు మట్టిలో వేళ్ల దగ్గర ఉంటాయి, పెద్దవి పైన పొదల మీద తిరుగుతాయి. డెర్బిడే, అకిలిడే కుటుంబాల పిల్లలయితే కుళ్లిన కలప లోపలా, బెరడు కిందా బూజు తిని పెరుగుతాయి, పెద్దయ్యాక ఎక్కడో ఆకు అడుగున కనిపిస్తాయి. కాబట్టి అదే మొక్క మీద పిల్ల పురుగులు కూడా ఉన్నాయా, అది రసం పీలుస్తూ కనిపించిందా, ఆ మొక్క గుబురులో మళ్లీ మళ్లీ దొరికిందా, పక్క మొక్కల మీద లేదా, ఇవి చూసి రాయాలి. నన్ను 'అక్కడే పిల్ల పురుగులు కనిపించాయా' అని అడిగింది అందుకే. దీపం దగ్గర దొరికితే దీపం దగ్గర అనే రాయండి, పక్కనున్న మొక్క పేరు కలపకండి. తప్పు మొక్క పేరు రాయడం కంటే ఆ గడి ఖాళీగా వదిలేయడం మేలు.

ఐనాచురలిస్ట్ దీన్నంతా ఎలా మోస్తుంది అంటే, సగం బాగానే. వివరాల పెట్టె ఉంది, అందులో ఎంతైనా రాసుకోవచ్చు. అబ్జర్వేషన్ ఫీల్డ్‌లు అని సభ్యులు తయారు చేసుకున్న గడులు ఉన్నాయి, వాటిలో ఏ మొక్క మీద దొరికిందో రాయడానికి పనికొచ్చేవి ఉన్నాయి. మొక్కని విడిగా ఇంకో నమోదుగా పెట్టి, దాని లింకు పురుగు నమోదులో ఇస్తే మొక్కల నిపుణులు ఆ తుంగ పేరు తేలుస్తారు, అది తేలగానే పురుగు కథ కూడా ముందుకి కదులుతుంది. నా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే: మొక్కకి పేరు రావడం ముందు, పురుగు ప్రజాతి తేలడం తర్వాత. లోటు ఏమిటంటే ఇవేవీ తప్పనిసరి కావు, ఒకే పనికి ఒకటి కంటే ఎక్కువ ఫీల్డ్‌లు ఉండటంతో ఒకరు ఒకదాంట్లో, ఇంకొకరు ఇంకోదాంట్లో రాస్తారు, కొత్తగా చేరినవాళ్లకి అవి ఉన్నాయనే తెలియదు. రసం పీల్చే పురుగుల నమోదుల్లో మొక్క పేరు లేకుండా కుప్పలుగా ఫొటోలు చూస్తే బాధేస్తుంది. ఎవరో నడిచి వెళ్లి, వంగి, ఫొటో తీసి, అన్నిటికంటే ముఖ్యమైన ఒక్క మాట రాయకుండా వచ్చేశారు.

తుంగ గుర్తించడానికి పూత, గింజ ఫొటో కావాలి, ఆకులు మాత్రమే ఉంటే తుంగల నిపుణులకి కూడా కష్టమే. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి మూడు పలకలుగా ఉందేమో చూసి ఆ సంగతి రాయండి. తుంగలు చాలావరకు మూడు పలకలవి, గడ్డి కాండం గుండ్రంగా బోలుగా ఉంటుంది.

రీసెర్చ్ గ్రేడ్ అనే ముద్ర మీద నా మాట: దాన్ని అంతిమ తీర్పుగా తీసుకోకండి. చాలా ప్లాంట్‌హాపర్ జాతుల్ని బయటి రూపంతో విడదీయలేం. మగ పురుగు జననాంగాల ఆకారం చూడాలి, అందుకు పొత్తికడుపు చివర భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి మెత్తబరిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆడ పురుగు ఒక్కటే దొరికితే నిపుణులు కూడా ప్రజాతి దగ్గరే ఆగుతారు. పైగా డ్రైనిడ్ కందిరీగల పిల్లలు వీటి ఒంటికి సంచిలా అంటుకుని ఉంటాయి, స్ట్రెప్సిప్టెరా పరాన్నజీవులు లోపల పెరుగుతాయి. అలా సోకిన పురుగుల్లో ఆకారాలే మారిపోవచ్చు, అప్పుడు పోల్చడం ఇంకా కష్టం. పొత్తికడుపు పక్కన నల్లగా ఉబ్బు కనిపిస్తే దాన్ని కూడా ఫొటో తీసి రాయండి, అది విడిగా విలువైన సమాచారం. ఎవరైనా 'ఫొటోతో ఇంతకంటే ముందుకి వెళ్లలేం' అని ప్రజాతి దగ్గర ఆపితే నిరాశపడొద్దు. ఆ మాట అనగలిగినవాళ్లే ఈ సేవకి ప్రాణం.

పేరు అందాక దాన్ని సరిచూసుకోవడానికి ఫ్లో అనే డేటాబేస్ తోడుగా పెట్టుకోండి. ప్లాంట్‌హాపర్ల కోసమే ఉన్నది, పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంకి చెందిన థియరీ బూర్గ్వాన్ దాన్ని నడిపిస్తున్నారు. జాతి ప్రస్తుత పేరు, పాత పేర్లు, ఏ దేశాల్లో నమోదైంది, ఏ వ్యాసాల్లో వివరించారు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. అందంగా ఉండదు, కొత్తవాళ్లని చేయి పట్టి నడిపించదు, ఫొటో ఇస్తే పేరు చెప్పదు. కానీ ఐనాచురలిస్ట్ సూచించిన జాతి ప్రపంచంలో ఏ మూల నమోదైందో చూస్తే, ఆ సూచన అసలు సాధ్యమేనా అన్నది అక్కడే తెలిసిపోతుంది. నమోదైన ప్రాంతానికి బాగా దూరంగా దొరికిందంటే రెండే సంగతులు: గుర్తింపు తప్పు, లేదా అది నిజంగా పెద్ద వార్త. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై 2014లో పెన్సిల్వేనియాలో బయటపడినప్పుడు జరిగింది ఆ రెండోదే, ఆసియా నుంచి వచ్చిన ఆ ప్లాంట్‌హాపర్ తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. అందుకే వింతగా అనిపించిన నమోదుని సిగ్గుపడి తీసేయకండి, ఫొటోలు పెంచి ఉంచండి.

చోటు విషయంలో ఇంకో మాట. నిజంగా అరుదైన జాతి, చిన్న చెమ్మ నేల, అక్కడికి జనం వెళ్తే ఆ తుంగ గుబురు తొక్కిడికి గురవుతుంది అనిపిస్తే లొకేషన్‌ని అస్పష్టం చేసే వీలుంది. అలా చేస్తే బయటివాళ్లకి అసలు బిందువు బదులు 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చోట చూపిస్తుంది. మామూలు జాతులకి మాత్రం దీన్ని వాడొద్దు, ఆవాసం అర్థం చేసుకోవాలంటే సరైన చోటే కావాలి.

రేటింగ్ ఇవ్వమంటే, ప్లాంట్‌హాపర్ల మట్టుకు: కంప్యూటర్ సూచనలకి ఐదుకి మూడు, మనుషుల గుర్తింపుకి ఐదుకి ఐదు, ఆవాసం నమోదు చేసే వీలుకి ఐదుకి రెండున్నర. నా తుంగ పురుగు ఇప్పటికి ప్రజాతి దగ్గర ఉంది, మగ పురుగు పక్క ఫొటో, పొత్తికడుపు చివర దగ్గరి ఫొటో దొరికితే ఇంకో అడుగు పడొచ్చని అడిగినవాళ్లే చెప్పారు. మళ్లీ పొడవు రెక్కలవి వచ్చే సమయానికి ఆ పని చేస్తాను. సేవ నడిపేవాళ్లకి నా కోరిక ఒకటే: ఎవరైనా రసం పీల్చే పురుగు ఫొటో పెట్టగానే 'ఇది ఏ మొక్క మీద ఉంది?' అని యాప్ తనంతట తానే అడగాలి, 'తెలియదు' అనే బటన్ కూడా పక్కనే ఉండాలి.